మైనస్ పది ఎవరికి?

కామాటిపుర చాల్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు తెలియని సంగతులు తక్కువ. ఏ గల్లీలో నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో, ఏ మూల చాయ్ బాగుంటుందో, పోలీసు జీపు ఏ వైపు నుంచి తిరుగుతుందో అన్నీ తెలుసు. ఒక్కటి మాత్రం తెలియదు. ఒంటరిగా పడుకుంటే తమకు ఎంత చలి వేస్తుందో తెలియదు. తెలిసే అవకాశం ఎక్కడిది? పది బై పన్నెండు గది. అందులో నాయనమ్మ, అమ్మానాన్న, ఇద్దరు తమ్ముళ్ళు, పని వెతుక్కుంటూ పాలమూరు నుంచి వచ్చిన మేనమామ. రాత్రి పది దాటితే చాపలు పరుస్తారు, ఒకరి వీపు ఒకరికి ఆనుతుంది. తలుపు సందులోంచి కాస్త గాలి వస్తే అదే పదివేలు. జనవరి రాత్రుల్లో కూడా ముంబయిలో పదహారు, పదిహేడు డిగ్రీల కంటే బాగా కిందికి దిగడం అరుదు. శాంతాక్రూజ్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.4 డిగ్రీలు, అదీ 1962 జనవరి 22న. ఆ రాత్రి ముచ్చట చెప్పే తాతలు కూడా ఇప్పుడు గల్లీలో పెద్దగా మిగల్లేదు.

అలాంటి గదుల్లోంచి పిల్లలు ఇవాళ మంచు కొండలకు పోతున్నారు. మొదట దోస్తులతో బైకుల్లాలో సెంట్రల్ లైన్ పట్టుకుని కసారా, అక్కడి నుంచి జీపులో బారి ఊరికి, తెల్లారేసరికి కల్సూబాయి శిఖరం మీద. తర్వాత హరిశ్చంద్రగఢ్, రతన్‌గఢ్. రెండు మూడేళ్ళు తిరిగాక ముంబయి సెంట్రల్‌లో ఢిల్లీ రైలెక్కి, డెహ్రాడూన్ మీదుగా సాంక్రీ చేరి, అక్కడి నుంచి కేదార్‌కంఠ. కామాటిపుర అనగానే మొహం తిప్పుకునే నగరంలో, ఆ పేరు తెలుగు కూలీలదని, 18వ శతాబ్దం చివర నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయి గోడలూ రోడ్లూ కట్టిన కామాటీలదని గుర్తున్నవాళ్ళు కొద్దిమందే. ఆ కామాటీల మనవలు ఒక కొండెక్కి ఫోటో పెడితే నాకు పండగే.

ఈ పుస్తకంలో ఇంతదాకా ధైర్యం గురించి, క్రమశిక్షణ గురించి చెప్పుకున్నాం. ఈ అధ్యాయం కొనడం గురించి. అనుభవంలో లేని అవసరానికి, జీతంలో పెద్ద ముక్క మింగే వస్తువును ఎలా ఎంచుకోవాలి? డౌన్ స్లీపింగ్ బ్యాగ్, అంటే బాతు నూగు కూరిన పడక సంచి, దీనికి మంచి పాఠం. దుకాణంలో ఫ్యాన్ కింద నిలబడి, చొక్కా చెమటకు తడుస్తుండగా, మంచులో పడుకునే రాత్రి కోసం బేరమాడాలి. ఇంతకంటే గుడ్డి బేరం ఉంటుందా?

"అన్నా, దీని మీద మైనస్ పది అని రాసిండ్రు. కేదార్‌కంఠకు సరిపోతది గదా?"

ఇలా అడిగే కుర్రవాళ్ళను నేను ఎదురు ప్రశ్న అడుగుతాను. "మైనస్ పది ఎవరికి తమ్మీ?"

"ఎవరికంటే? అందరికి."

"అందరికీ ఒక్కతీరుగ చలి పెడ్తదా? మీ అమ్మ ఫ్యాన్ బంద్ చెయ్యమంటది, నువ్వు వెయ్యమంటవు. ఒక్క ఇంట్ల ఇద్దరికే కుదరకపాయె."

సంచి మీది అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం మోసం తప్పుతుంది. యూరప్‌లో 2002లో ఈఎన్ 13537 అనే ప్రమాణం వచ్చింది. తర్వాత దాని స్థానంలోకి ఐఎస్ఓ 23537 వచ్చింది. పరీక్ష ఇలా చేస్తారు. మనిషి ఆకారంలో ఉన్న, లోపల వేడి పుట్టించే బొమ్మకు ఒంటినిండా లోపలి దుస్తులు తొడుగుతారు. కింద మ్యాట్ పరిచి, దాన్ని సంచిలో పడుకోబెట్టి, చల్లటి గదిలో ఉంచి, ఎంత వేడి పోతోందో కొలుస్తారు. దాన్నుంచి మూడు అంకెలు లెక్కగడతారు. మొదటిది కంఫర్ట్. ఇరవై అయిదేళ్ళ వయసు, అరవై కిలోల బరువు ఉన్న 'నమూనా స్త్రీ' హాయిగా వెల్లకిలా పడుకోగల ఉష్ణోగ్రత ఇది. రెండోది లిమిట్. డెబ్బై మూడు కిలోల 'నమూనా పురుషుడు' ముడుచుకుని పడుకుని, మెలకువ రాకుండా ఎనిమిది గంటలు గడపగల హద్దు. మూడోది ఎక్స్‌ట్రీమ్. ఆ స్త్రీ ఆరు గంటలపాటు ఒళ్ళు చల్లబడి చనిపోకుండా ఉండగల స్థితి. నిద్ర ఊసే లేదు. చేతివేళ్ళు, కాలివేళ్ళు మంచు కొరికినా అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు దుకాణానికి వెళ్ళి చూడండి. చవక సంచుల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా ఈ మూడో అంకే. కొన్నింటి మీద ఏ ప్రమాణం పేరూ ఉండదు, ఉత్త అంకె ఉంటుంది. అది అమ్మేవాడి నోటిమాటతో సమానం. కాబట్టి సంచి చేతికి రాగానే లోపలి పట్టీ తిప్పి, కంఫర్ట్ ఎంతో చదవండి. కంఫర్ట్ అని రాసి లేకపోతే అడగండి. అడిగినా చెప్పలేకపోతే సంచి పక్కన పెట్టేయండి. ఇంగ్లీషు సరిగా రాదని, డబ్బున్నవాళ్ళ దుకాణమని మనవాళ్ళు నోరు మెదపరు. డబ్బు మీది, రాత్రి మీది. అడగడానికి ఇంకే అర్హత కావాలి?

కంఫర్ట్ అంకె దొరికినా పని పూర్తి కాలేదు. ఆ నమూనా స్త్రీ మీరు కాదు. సన్నగా ఉన్నవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు, తిండి తక్కువైనవాళ్ళకు, బాగా అలిసినవాళ్ళకు చలి ఎక్కువ. అన్నిటికీ మించి ముంబయి తేమలో ఇరవై ఏళ్ళు గడిపిన ఒళ్ళు మనది, హిమాలయాల్లోని లాహుల్‌లో పుట్టిన ఒళ్ళు కాదు. వెళ్ళే చోట రాత్రి ఎంతకు దిగుతుందో కనుక్కుని, కంఫర్ట్ అంకె దానికంటే ఇంకో అయిదు డిగ్రీలు కిందికి ఉన్న సంచినే చూడమంటాను. డిసెంబర్, జనవరి నెలల్లో కేదార్‌కంఠ శిబిరాల్లో సున్నాకు పది డిగ్రీల దాకా కిందికి పోయే రాత్రులుంటాయి. కాబట్టి కంఫర్ట్ సున్నా అని, ఎక్స్‌ట్రీమ్ మైనస్ పదిహేను అని రాసిన సంచి అక్కడ మిమ్మల్ని బతికిస్తుంది కానీ నిద్రపోనివ్వదు.

ఆ అయిదు డిగ్రీలు అందరికీ చెప్పే మాట. మీ సొంత అంకె మీరే కనుక్కోవాలి. దానికి ఖర్చు పెద్దగా లేదు. జనవరిలో ఒక రాత్రి కల్సూబాయి దగ్గర గుడారంలో పడుకోండి. మహారాష్ట్రలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 1,646 మీటర్లు. పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ముంబయిలో పదహారు ఉన్న రాత్రి అక్కడ అయిదారు డిగ్రీలు ఉండొచ్చు, గాలి తోడైతే ఇంకా ఇబ్బంది. ఎవరి దగ్గరైనా సంచి అడిగి తీసుకెళ్ళండి. చిన్న థర్మామీటరు గుడారంలో పెట్టండి. ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది, ముందు ఏది చల్లబడింది, పాదాలా, నడుమా, ముక్కా, ఒంటి మీద ఏమేం వేసుకున్నారు, రాత్రి ఏం తిన్నారు, పొద్దున రాసుకోండి. అలాంటి రాత్రులు రెండు మూడు గడిస్తే మీ దగ్గర ఉండే వివరం దుకాణంవాడి దగ్గర కూడా ఉండదు. ఒకే రకం సంచిలో, ఒకే గుడారంలో పడుకున్న ఇద్దరు స్నేహితుల్లో ఒకడు చెమట పట్టి జిప్ తీస్తాడు, రెండోవాడు పళ్ళు టకటకలాడిస్తాడు. ఇది పొగరూ కాదు, బలహీనతా కాదు. ఒంటి తీరు అంతే.

మెట్టు మెట్టుగా పోవడం భయస్తుల పద్ధతి అనుకునేవాళ్ళకు పూర్ణ కథ చెప్పాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆమెతో పాటు ఎక్కినవాడు ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలే. వాళ్ళను నేరుగా టిబెట్ తీసుకెళ్ళి కొండకింద వదిలిపెట్టలేదు. భువనగిరి గుట్ట రాళ్ళ మీద మొదలుపెట్టారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత చలికాలపు లద్దాఖ్. ఏ మెట్టు దగ్గర ఎవరి ఒళ్ళు ఏం చెబుతోందో చూసుకుంటూ పోయారు. మామిడి చెట్ల ఊళ్ళో పుట్టిన పిల్లకు చలి నేర్పగలిగినప్పుడు మన గల్లీ పిల్లలకు నేర్పలేమా? నేర్చుకునే మెట్లను వదిలేసి, వాటి బదులు ఖరీదైన సంచి కొంటే సరిపోతుందనుకోవడమే చిక్కు.

ఎందుకంటే సంచి వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మీ ఒంట్లో. సంచి దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. ఆ పని చేసేది ఈక కూడా కాదు, ఈకల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి. ఇది దూదేకులవాళ్ళకు తరతరాలుగా తెలిసిన సంగతే. అణిగిపోయిన పాత రజాయి దూదిని విప్పి, వింటికి పట్టించి ఏకితే అదే దూది రెండింతలు పొంగుతుంది, అదే రజాయి మళ్ళీ వెచ్చనవుతుంది. బరువు పెరగలేదు. లోపల గాలి పెరిగింది. బాతు రొమ్ము కింద, పై ఈకల అడుగున ఉండే నూగుకు కాడ ఉండదు. నడుమ ఒక చుక్క, దాని నుంచి నలువైపులా పోయే సన్నటి పోగులు. వాటిని గుప్పిట్లో నలిపి వదిలితే మళ్ళీ విచ్చుకుంటాయి. దూది అలా విచ్చుకోదు, అందుకే దాన్ని ఏకాల్సి వస్తుంది.

ఈ నూగును కొండల మీదికి పట్టుకెళ్ళిన మొదటివాళ్ళలో జార్జ్ ఫించ్ ఒకడు. 1922 ఎవరెస్టు యాత్రకు ఆయన బెలూన్ల గుడ్డతో, ఈడర్ బాతు నూగుతో కోటు కుట్టించుకున్నాడు. ఉన్ని కోట్లు వేసుకున్న తోటి ఇంగ్లీషువాళ్ళు నవ్వారు. పైకి పోయాక వాళ్ళే ఆ కోటు వైపు ఆశగా చూశారు.

నూగు నాణ్యతను ఫిల్ పవర్ అనే అంకెతో చెబుతారు. ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాముల నూగు పొంగితే ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందన్నదే ఆ అంకె. 600 ఫిల్ అంటే ఆ గుప్పెడు నూగు పది లీటర్ల బకెట్‌ను నింపేంత. 800 అయితే పదమూడు లీటర్లు. దుకాణంలో అందరూ ఈ అంకె దగ్గరే పడిపోతారు. ఎక్కువ ఫిల్ ఉంటే ఎక్కువ వెచ్చన అనుకుంటారు. లోపల ఎన్ని గ్రాముల నూగు కూరారో చూడకుండా ఫిల్ పవర్ చూస్తే లాభం లేదు. చిన్న లెక్క వేద్దాం. ఒక సంచిలో 600 ఫిల్ నూగు 800 గ్రాములు ఉంది. ఇంకోదానిలో 800 ఫిల్ నూగు 600 గ్రాములు ఉంది. గుణిస్తే రెండింట్లో పొంగే గాలి ఒకటే. తతిమా కుట్టుపని ఒకటే అయితే వెచ్చదనమూ ఒకటే. తేడా రెండు వందల గ్రాముల బరువు. ఆ రెండు వందల గ్రాముల కోసమే మీరు అన్ని వేలు ఎక్కువ కడుతున్నారు. ఏడువేల మీటర్లు ఎక్కేవాళ్ళకు అది అవసరం. సాంక్రీ నుంచి కంచరగాడిద సామాను మోసే యాత్రలో ఆ డబ్బు గాడిద సుఖానికి పోతుంది.

90/10 అని ఇంకో గుర్తు కనిపిస్తుంది. నూటికి తొంభై పాళ్ళు నూగు, పది పాళ్ళు కాడ ఉన్న ఈకలు అని అర్థం. 80/20 కూడా చెడ్డదేమీ కాదు. కొందరు సంచుల మీద 'డౌన్' అనే మాటను ఎక్కడో తగిలించి లోపల పాలియెస్టర్ కూరుతారు. పోల్చుకోవడం కష్టం కాదు. గట్టిగా అదిమి చెయ్యి తీయండి. నూగయితే మెల్లగా పొంగి మళ్ళీ మెత్తటి గుట్ట అవుతుంది, వేళ్ళ మధ్య రుద్దితే అక్కడక్కడ సన్నటి కాడ తగులుతుంది. పాలియెస్టరయితే పరుపులా వెంటనే ఎగురుతుంది, లోపల అట్టలాగా ఒక పొర చేతికి తెలుస్తుంది. పక్షులను బతికుండగా పీకి తీసిన నూగు వద్దనుకునేవాళ్ళు ఆర్‌డీఎస్ (రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్) గుర్తు చూసుకోవచ్చు. ఆ ప్రమాణం 2014లో వచ్చింది. నూగే వద్దనుకునేవాళ్ళకు సింథటిక్ ఉండనే ఉంది, దాని మాట తర్వాత.

పై గుడ్డ విషయంలో మన చాళ్ళలో ఒక సౌకర్యం ఉంది, ఇంకే పేటలో దొరకనిది. 1982 సమ్మెకు ముందు పరేల్, వర్లీ మిల్లుల్లో సాంచెల మీద పనిచేసిన పద్మశాలి తాతలు ఇంకా ఉన్నారు. ఒకరిని వెంట తీసుకెళ్ళండి. నూగు సంచికి గుడ్డ పల్చగా ఉండాలి, పది, ఇరవై డెనియర్ (పోగు మందం కొలత) పోగులే వాడతారు, కానీ నేత మాత్రం నూగు పోగు కూడా దూరనంత దట్టంగా ఉండాలి. తాత అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి, బొటనవేలితో పోగు జరిపి చూస్తాడు. పోగులు జరిగితే అది ఏడాదికే నూగు కక్కుతుంది. కుట్ల దగ్గర తెల్లటి పోగులు తొంగిచూస్తుంటే కొనొద్దంటాడు. ఆ మనిషికి ఫిల్ పవర్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, గుడ్డ గురించి మాత్రం దుకాణం మొత్తానికి ఆయనే మేస్త్రీ.

అదే వెలుతురులో కుట్లు కూడా చూడండి. పై గుడ్డను, లోపలి గుడ్డను ఒకదానికొకటి నేరుగా కుట్టేస్తే ఆ కుట్టు వరస పొడవునా నూగు ఉండదు, అక్కడ చలి దూరుతుంది. ఎండాకాలపు కొండలకు అది చాలు. మంచులోకి వెళ్ళే సంచికి రెండు గుడ్డల మధ్య నిలువు గోడల్లా పట్టీలు వేసి గదులు కడతారు. సంచిని వెలుతురుకు ఎత్తితే ఎక్కడా కాంతి గీతలు కనిపించకూడదు. జిప్ వెనక పొడవునా నూగు నింపిన గొట్టం ఉందా, మెడ చుట్టూ బిగించే పట్టీ ఉందా, తలకు టోపీ ఉందా, దాని తాడును చీకట్లో చేతితొడుగుతో లాగగలరా, ఇవన్నీ దుకాణంలోనే తేల్చుకోవాలి. సిగ్గుపడకుండా చెప్పులు విప్పి లోపల దూరండి. భుజాలు బిగిసిపోతే నూగు అణిగి చలి వేస్తుంది. అడుగు దగ్గర మూర చోటు ఖాళీగా ఉంటే ఆ చోటునంతా మీ ఒంటివేడే నింపాలి. తమ్ముడు కూడా వాడుకుంటాడని పెద్ద సైజు కొనే అలవాటు మనది. ఇక్కడ అది పనికిరాదు.

ఇక మ్యాట్. సంచికి వేలకు వేలు పోసి, దాని కింద చాప పరుచుకునేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. మీరు పడుకున్నప్పుడు వీపు కింద నూగు అణిగిపోతుంది, దానిలో గాలి ఉండదు, వెచ్చదనమూ ఉండదు. అక్కడ మిమ్మల్ని నేల నుంచి కాపాడేది మ్యాట్ ఒక్కటే. దాని శక్తిని ఆర్-విలువ అంటారు. మడిచే మామూలు ఫోమ్ మ్యాట్‌కు రెండు దాకా ఉంటుంది, మంచు మీద పడుకోవాలంటే నాలుగైదు కావాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ విలువలు కలుస్తాయి. కాబట్టి రెండు ఫోమ్ మ్యాట్లు వేసుకున్నా బండి నడుస్తుంది. సంచి మీది కంఫర్ట్ అంకె కూడా కింద మ్యాట్ ఉందన్న లెక్కతో వేసిందేనని మరిచిపోకండి. రాత్రి చలికి లేచినవాళ్ళు సంచిని తిడతారు, తప్పు చాలాసార్లు నేల వైపు నుంచే వస్తుంది.

డౌన్ సంచికి అసలు శత్రువు చలి కాదు, తేమ. తడిసిన నూగు ఉండ కడుతుంది, గాలి పోతుంది, వెచ్చదనం పోతుంది. మన తాతలు భుజాన వేసుకొచ్చిన గొంగడి తడిసినా కొంత వెచ్చన ఇచ్చేది, నూగు ఆ పాటి మేలు కూడా చేయదు. నీళ్ళు పట్టకుండా మందు పూసిన నూగు ఇప్పుడు దొరుకుతోంది. అది చెమ్మను కాసేపు ఆపుతుంది, వానను ఆపదు. చలి వేస్తోందని తల లోపల పెట్టి సంచిలోకి ఊపిరి వదలకండి, ఆ ఆవిరంతా నూగులోకే పోతుంది. టోపీ బిగించి ముక్కూ నోరూ బయట ఉంచుకోండి. పొద్దున ఎండ రాగానే సంచి తిరగేసి గుడారం మీద ఆరేయండి. పడుకునే ముందు కడుపునిండా తిని, స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మేజోడులో దూర్చి తొడల మధ్య పెట్టుకుంటే, ఐదు డిగ్రీలు ఎక్కువ చెప్పుకున్న సంచి కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంటికి తెచ్చాక ఉంది అసలు పరీక్ష. కామాటిపుర పల్లపు నేల మీద లేచిన పేట. జూలై వచ్చిందంటే గోడలు చెమరుస్తాయి, అటక మీది పెట్టెలో చీరలకు బూజు పడుతుంది. డౌన్ సంచిని దానితో వచ్చిన చిన్న గొట్టంలో కుక్కి అటకెక్కిస్తే రెండు వానాకాలాల్లో దాని ప్రాణం పోతుంది. విప్పి, వదులుగా, పెద్ద నూలు సంచిలో పెట్టాలి. మన గదిలో అంత చోటెక్కడిది అని మీరడగడం న్యాయమే. తలుపు వెనక మేకుకు, లేదా బట్టలు ఆరేసే తాడుకు పైన, సీలింగ్ పక్కన వేలాడదీయండి. వారానికోసారి ఎండ పొడ తగిలేలా చూడండి. ఆ మాత్రం చోటు ఇవ్వలేని ఇంట్లో డౌన్ సంచి కొనడం వృథా. ఇది పొదుపు మాట కాదు, లెక్క మాట.

ఉతకడం ఏడాదికోసారి కూడా అవసరం లేదు. లోపల పల్చటి లైనర్ వాడితే మురికి దానికే అంటుతుంది, అదొక్కటి ఉతుక్కుంటే చాలు. తప్పనిసరైతే డౌన్ కోసమే చేసిన సబ్బు, ముందు తలుపున్న మెషీన్, తర్వాత తక్కువ వేడి డ్రయ్యర్, ఉండలు విడిపోవడానికి అందులో రెండు మూడు టెన్నిస్ బంతులు. పూర్తిగా ఆరడానికి గంటలు పడుతుంది, సగం ఆరితే కుళ్ళు వాసన ఖాయం. మహాలక్ష్మి ధోబీఘాట్ దగ్గరుంది కదా అని పంపకండి. రాతి మీద ఒక్క బాదు బాదితే లోపలి గదుల గోడలు తెగుతాయి. డ్రై క్లీనింగ్ మందు నూగులోని సహజమైన నూనెను లాగేస్తుంది.

పాతది కొనే ఆలోచన ఉంటే చోర్‌బజార్ నడిచి వెళ్ళేంత దూరమే. యాత్రలు ముగించుకున్న విదేశీయుల సంచులు అప్పుడప్పుడు అక్కడ తేలుతాయి. బేరం మొదలుపెట్టక ముందే సంచిని గొట్టంలోంచి బయటికి తీయించి, కాసేపు పరిచి ఉంచండి. ఈలోగా చాయ్ తాగండి. తిరిగొచ్చాక కూడా పొంగకుండా చాపలా పడి ఉంటే వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన కోడి వాసన వస్తే, అదెంత చవకైనా వద్దు. ఒకచోట నూగంతా మూటగా చేరి మిగతా గది ఖాళీగా ఉంటే లోపలి గోడ తెగినట్టే.

మరి ఏది కొనాలి? సహ్యాద్రి కొండలకే పరిమితమైనవాళ్ళకు డౌన్ అవసరం లేదు. అక్కడ చలి కంటే మంచు తేమ ఎక్కువ. అయిదు డిగ్రీల కంఫర్ట్ ఉన్న సింథటిక్ సంచి, ఒక ఫోమ్ మ్యాట్ చాలు. బరువు కాస్త ఎక్కువ, అయితే తడిసినా పనికొస్తుంది, బకెట్లో ఉతుక్కోవచ్చు, అటక మీద పెట్టినా అంతగా చెడదు. ఎండు చలి ఉన్న ఎత్తయిన హిమాలయాలకు, సామాను తామే మోసుకుంటూ, ఏటా వెళ్ళేవాళ్ళకు మాత్రమే డౌన్ సార్థకం. అలాంటివాళ్ళు వెళ్ళే చోటి రాత్రి చలి కంటే కంఫర్ట్ అయిదు డిగ్రీలు కిందికి ఉన్న, కిలో నుంచి కిలోన్నర మధ్య తూగే సంచి చూసుకోవచ్చు.

కేదార్‌కంఠకు మొదటిసారి వెళ్తున్నవాళ్ళు కిస్తీలు కట్టి డౌన్ సంచి కొనకండి. యాత్ర నడిపేవాళ్ళు సాధారణంగా సంచులు ఇస్తారు, లేదంటే సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి. అద్దె సంచిలో పడుకున్నంత మాత్రాన కొండ మిమ్మల్ని చిన్నచూపు చూడదు. వాళ్ళిచ్చే సంచి కంఫర్ట్ అంకె ఎంతో డబ్బు కట్టక ముందే ఫోన్ చేసి అడగండి. మిగిలిన డబ్బుతో మీ సొంతానికి ఒక లైనర్, ఒక మంచి మ్యాట్, రెండు జతల ఉన్ని మేజోళ్ళు కొనుక్కోండి.